ఆర్గాన్ బెంచీకి కుడిపక్కన

మా తెలుగు సంఘంలో కీబోర్డు వాయించే ఇద్దరు అమ్మాయిలు ఈమధ్య ఆరాధన అయ్యాక నన్ను పట్టుకుని, "ఆంటీ, పెద్ద చర్చిల్లో ఆర్గనిస్ట్‌గా జాబ్ చేయాలంటే ఏం ప్రిపేర్ అవ్వాలి?" అని అడిగారు. ఆ ఉద్యోగం ఇంకా మిగిలి ఉందనుకుంటున్నారా తల్లీ అని నోటిదాకా వచ్చింది. పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు పోయడం ఎందుకని, రాసి ఇస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నీళ్ళు పోయకుండా రాయడం నావల్ల కాదని.

న్యూజెర్సీలో, పిస్కాటవేకి పక్క ఊళ్ళో, రాతితో కట్టిన ఒక పాత చర్చిలో 2001 నుంచి 2015 దాకా పనిచేశాను. మొదటి ఆరేళ్ళు సహాయకురాలిని. తర్వాత ఎనిమిదేళ్ళు ఆర్గనిస్టుని, క్వయర్‌కి, అంటే పాడే బృందానికి, మాస్టర్ని. ఇప్పుడా ఆర్గాన్ లేదు, ఆ సంఘమూ లేదు. జీతం, కాంట్రాక్టు, సర్టిఫికెట్ల సంగతులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అక్కడ దొరకనిది నా దగ్గర ఒకటుంది. నాకు పని నేర్పిన మనిషికి నేను చేసిన అన్యాయం. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ అలాంటి సందర్భం రావచ్చు కాబట్టి అదే చెబుతాను.

ఎడ్విన్ సార్

ఆయన పేరు ఎడ్విన్. ఇంగ్లండులో ఒక బేకరీ ఆయన కొడుకు. ఎనిమిదో ఏట ఊళ్ళోని పెద్ద చర్చి క్వయర్‌లో చేరారు. గొంతు మారే వయసు వచ్చి పాడటానికి పనికిరాకుండా పోతే, అక్కడి ఆర్గనిస్టు ఆయన్ని తన పక్కన నిలబెట్టుకుని పేజీలు తిప్పించాడు. ఆ పక్కనుంచి బెంచీ మీదికి రావడానికి ఆయనకి పదేళ్ళు పట్టింది. తర్వాత ఏడాది ఉండి పోదామని అమెరికా వచ్చి, ఈ ఒక్క చర్చిలోనే ముప్ఫై ఏళ్ళు ఉండిపోయారు. భార్య పోయింది, పిల్లలు లేరు. గురువారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం రెండు ఆరాధనలు, మధ్యలో పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు. ఆయన జీవితం అంతే.

నేను మన దగ్గర మిషన్ బళ్ళో సంగీతం టీచరుగా చేసినదాన్ని. కాళ్ళతో తొక్కే చిన్న ఆర్గాన్ తప్ప వేరేది ఎరగను. మా ఆయన ఫార్మా ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి, ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతూ ఉండగా, ఆ చర్చి తలుపు మీద సహాయకురాలు కావాలన్న కాగితం చూశాను. లోపలికి వెళితే ఎడ్విన్ గారు ఒక కీర్తన వాయించమన్నారు. వాయించాను.

"చేతులు బాగున్నాయి. ఊపిరే లేదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఆర్గాన్‌కి ఊపిరి తీసుకోవలసిన పనిలేదు. అందుకే నువ్వు తీసుకోవాలి. లేకపోతే పాడేవాళ్ళు చచ్చిపోతారు."

నేను ఆయన్ని సార్ అనేదాన్ని. అమెరికాలో పాస్టర్ని కూడా పేరుపెట్టి పిలుస్తారు. ఆయనకది వింతగా ఉండేది. "విమలా, మా రాణీగారు నాకింకా ఆ సర్ బిరుదు ఇవ్వలేదమ్మా" అనేవారు. నేను మానలేదు. పని నేర్పే మనిషిని ఎడ్విన్ అని పిలవడానికి నాకు నోరు తిరగలేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఆర్గాన్ అంటే గోడంత ఎత్తున గొట్టాలు. వాయించేవాడు సంఘానికి వీపు పెట్టి కూర్చుంటాడు. జనం కనిపించడానికి నెత్తి మీద ఒక అద్దం ఉంటుంది. రెండు పక్కలా గుబ్బలుంటాయి, వాటిని స్టాపులంటారు. ఒక్కో స్టాపు బయటికి లాగితే ఒక్కో వరస గొట్టాలు పలుకుతాయి, లోపలికి నెడితే ఊరుకుంటాయి. మా ఆర్గాన్‌లో కుడిపక్క అన్నిటికంటే పైన ఉన్న రెండు స్టాపులు పెన్సిలంత గొట్టాలవి. ఈల వేసినట్టు పలుకుతాయి. పండుగనాడు ఆఖరి చరణంలో కాసేపు వాడితే పాటకి మెరుపొస్తుంది. అదేపనిగా వాడితే చెవులు చిల్లులు పడతాయి. సహాయకురాలి పని బెంచీకి కుడిపక్కన నిలబడి పేజీలు తిప్పడం, ఆయన తల ఊపినప్పుడు స్టాపులు లాగడం, నెట్టడం.

ఊపిరి

నేను చేరిన కొద్ది వారాలకే ఆ సెప్టెంబరు వచ్చింది. మా ఊరినుంచి రోజూ రైల్లో న్యూయార్క్ వెళ్ళి, విమానాలు ఢీకొట్టి కూల్చిన ఆ టవర్లలో పనిచేసేవాళ్ళు ఉండేవాళ్ళు. శవపేటిక లేకుండా, ముందు ఒక ఫొటో పెట్టి అంత్యక్రియల ఆరాధనలు జరిగేవి. మొదటిదానికి నన్నే ఒక కీర్తన వాయించమన్నారు సార్. నేను మామూలుగా వాయించాను. రెండో చరణానికి పాడేవాళ్ళు సగమయ్యారు, మూడోదానికి నేనూ క్వయరూ మిగిలాం.

తర్వాత ఆయన కోప్పడలేదు. "ఏడ్చేవాళ్ళకి ఊపిరి ఎక్కువ కావాలి. చరణం అయ్యాక ఆగు. ఆగడం నీకే ఇబ్బందిగా అనిపించేదాకా ఆగు. ఆ తర్వాత ఇంకొక్క ఊపిరి ఆగు. అప్పుడు మొదలుపెట్టు" అన్నారు.

మరుసటి వారం ఆయన వాయిస్తుంటే పక్కన నిలబడి చూశాను. కళ్ళు అద్దంలో, పెదాలు ప్రతి మాటకీ కదులుతూ. ముందు వరసలో చనిపోయినాయన భార్య తల వంచుకుని ఉంది. ఆవిడ తల ఎత్తేదాకా ఆయన చెయ్యి దించలేదు. ఆవిడ పాడింది. నాలుగు చరణాలూ పాడింది. ఆయనకంటే వేగంగా వేళ్ళు ఆడేవాళ్ళని తర్వాత చాలామందిని చూశాను. జనం ఎప్పుడు ఊపిరి తీసుకుంటారో ఆయనలా తెలిసినవాళ్ళని చూడలేదు. ఈ పనిలో మిగతావన్నీ నేర్చుకుంటే వస్తాయి, ఇది మాత్రం మనుషుల మీద జాలి ఉంటేనే వస్తుంది.

ఈల

2004లో ఒక గురువారం ప్రాక్టీసు. ఆర్గాన్‌లో దుమ్ము చేరితే ఒక్కోసారి వేలు తీసినా గొట్టం ఆగదు, పలుకుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం పెన్సిలంత గొట్టాల్లో ఒకటి అలా పట్టుకుంది. సన్నటి ఈల, సూది చెవిలో పెట్టినట్టు. క్వయర్‌లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడే డోరతీ చెవులు మూసుకుంది. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి, దేనికీ జంకదు. వెనక వరసలో ఎవరో "ఓ గాడ్" అన్నారు.

ఎడ్విన్ గారు మాత్రం బెంచీ మీద వెనక్కి తిరిగి, మగవాళ్ళకి ఎక్కడ గొంతు తగ్గించాలో నెమ్మదిగా చెబుతున్నారు. ఈల మోగుతూనే ఉంది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. అందరూ ఆయన్ని చూడటం మానేసి నన్ను చూశారు. చెయ్యి చాచి ఆ స్టాపు లోపలికి నెట్టేశాను. ఈల ఆగింది.

"ఏం చేశావు?" అని అడిగారు, నా చెయ్యి కదలడం చూసి.

"దుమ్ముంది సార్, తుడిచాను."

అది మొదటి అబద్ధం. పార్కింగ్ లాట్‌లో డోరతీ నా కారు దగ్గరికి వచ్చింది. "విమలా, ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వైతే వింటాడు."

"నేనా? ఆయన నాకు గురువు. మా దగ్గర గురువుకి మీ చెవులు పోతున్నాయని మొహం మీద చెప్పరు."

"మరేం చేస్తారు మీ దగ్గర?"

"సర్దుకుంటాం" అన్నాను. పెద్ద సంస్కారం ఉన్నదానిలా అన్నాను.

ఆ రోజునుంచి సర్దడం మొదలైంది. సన్నటి స్వరాలు వినిపించని మనిషికి ఆర్గాన్ మొద్దుబారినట్టు అనిపిస్తుంది. దాంతో ఆయన ప్రతి పాటకీ ఆ పై స్టాపులు రెండూ లాగేవారు. నేను పేజీ తిప్పే వంకతో అవి నెట్టేసేదాన్ని. ఆయన కళ్ళు అద్దంలోనో పుస్తకంలోనో ఉండేవి, కుడిపక్క పైకి చూసేవారు కాదు. పాట అయిపోయి ఆఖరి స్వరం ఆగగానే మళ్ళీ లాగి పెట్టేదాన్ని. ఆయన చూసుకుంటే తాను పెట్టినట్టే ఉండాలి కదా. మూడేళ్ళు ఒక్క ఆదివారం తప్పకుండా చేశాను. సంఘంలో ఒక్క ఫిర్యాదు రాలేదు. నాకు అందులో గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

మా ఆయనకి చెబితే మెచ్చుకోలేదు. "ఇది హెల్ప్ కాదు విమలా. ఒకసారి హియరింగ్ టెస్ట్ చేయించుకోండి అని చెప్పు, అయిపోతుంది. నువ్వు ఆయన్ని కాపాడుతున్నావా, ముంచుతున్నావా?"

"మీకు తెలీదులెండి, మ్యూజిషియన్స్ సెన్సిటివ్‌గా ఉంటారు" అన్నాను.

క్రిస్మస్ ముందు ఒక ప్రాక్టీసులో సార్ ఉన్నట్టుండి ఆగి, క్వయర్‌కి వినపడకుండా నన్ను అడిగారు. "పైన ఎక్కువవుతోందా? నిజం చెప్పు."

ఆయనకి అనుమానం వచ్చిందన్నమాట. తలుపు తనే తీసి పట్టుకున్నారు, నేను దాటితే చాలు. "లేదు సార్. పర్‌ఫెక్ట్‌గా ఉంది."

ఆయన నవ్వి పేజీ తిప్పమన్నారు. ఈ వృత్తిలో నేను వాయించిన తప్పు స్వరాలు లెక్కలేనన్ని. అవన్నీ కలిపినా ఈ ఒక్క మాటకి సరిరావు.

అద్దంలో కనిపించినది

2007లో మా అమ్మాయి సునీతకి మొదటి కాన్పు. వాళ్ళుండేది వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో. అల్లుడు డేటా సెంటర్‌లో చేస్తాడు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి.

"అమ్మా, డాక్టర్ కరెక్ట్‌గా ఈస్టర్ వీక్‌కే డేట్ ఇచ్చింది. నువ్వు లేకుండా నేను మేనేజ్ చేయలేను" అంది ఫోన్లో. వస్తానన్నాను. ఆర్గనిస్టుకి ఈస్టర్ ఏడాదిలో అన్నిటికంటే పెద్ద రోజు. ఆయన రెండు స్టాపులూ లాగుతారు. నెట్టడానికి నేనుండను.

డోరతీని పక్కన నిలబడమని బతిమాలాను, ఏ పేజీ దగ్గర ఏం చేయాలో చూపించాను. సార్ ఒప్పుకోలేదు. "నాకున్నది ఒకే సహాయకురాలు. ఆవిడ లేకపోతే నేనే తిప్పుకుంటాను" అని నా భుజం తట్టారు. ఈస్టర్‌కి ముందు వారం, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆయనా నేనూ పది నిమిషాలు మాట్లాడుకున్నాం. పుట్టబోయే బిడ్డ గురించి మాట్లాడుకున్నాం. పది నిమిషాలున్నాయి నాకు.

ఈస్టర్‌నాడు మధ్యాహ్నం డోరతీ ఫోన్ చేసింది. నా ఒళ్ళో రెండు రోజుల మనవరాలు. మొదటి పాటనుంచే రెండు స్టాపులూ బయటికే ఉన్నాయట. పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారట. తమ గొంతు తమకే వినిపించక క్వయర్ రెండో చరణంలో ఆగిపోయిందట. అందరూ కూర్చుని వినే ఆఖరి పాటకి వెనక వరసలవాళ్ళు లేచి బయటికి వెళ్ళడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ లేచారు.

"విమలా, ఎడ్విన్ నవ్వుకుంటూ దిగి వచ్చాడు. ఆ ఆఖరి పాటకి అందరూ లేచి నిల్చున్నారు, అద్దంలో చూశాను, ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు అన్నాడు నాతో" అని చెప్పి డోరతీ ఏడ్చింది.

బుధవారం పాస్టర్ ఆయన్ని పిలిచి, సంఘం కొత్తరకం సంగీతం కోరుకుంటోందనీ, ఆయన సేవకి కృతజ్ఞతలనీ చెప్పింది. చెవుల మాట ఎత్తలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాలాంటిదే, మొహమాటంతో మనిషిని చంపే రకం. గిటార్లు వస్తున్నాయి కాబట్టి తనని తీసేశారని ఆయన నమ్మారు.

నేను తిరిగి రాగానే ఆవిడ ఆ ఉద్యోగం నాకిస్తానంది. మా ఆయన్ని అడిగి చెబుతానన్నాను. అడగలేదు, మర్నాడే ఒప్పుకున్నాను. ఆర్గనిస్టులు కాళ్ళతో వాయించే పెడల్స్ కోసం పల్చటి అట్ట ఉన్న బూట్లు వేసుకుంటారు. ఆయనవి బెంచీ కింద ఉండేవి. ఒక పొద్దున వచ్చి అవి తీసుకుని, బెంచీ మీద ఒకసారి చెయ్యి పెట్టి, "ఆల్టోలు శ్రుతి దిగజారుతుంటారు, చూసుకో" అన్నారు. సరే సార్ అన్నాను.

నా ఎనిమిదేళ్ళు

చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నేను ఆర్గనిస్టునైన ఏడాదికే మాంద్యం వచ్చి, ఉద్యోగాలు పోయి కొందరు ఇళ్ళు వదిలి వెళ్ళారు. పెద్దవాళ్ళు పోయారు. డోరతీ ఫ్లోరిడా వెళ్ళిపోయింది. ముప్ఫైమంది క్వయర్ పదకొండుమంది అయింది, తర్వాత ఆరుగురు. ఆరుగురిలో ఇద్దరికి నోట్స్ చదవడం రాదు. గోడకి పాటలు చూపించే తెర వచ్చింది, పక్కన డ్రమ్స్ వచ్చాయి. గిటార్లు నిజంగానే వచ్చాయి, పాస్టర్ చెప్పిన అబద్ధం అలా నిజమైంది. ఆర్గాన్‌కి గాలి కొట్టే మోటారు పాడైతే బాగుచేయించడానికి ఏ మీటింగులోనూ కుదరలేదు. చివరి రెండేళ్ళూ ఆ గొట్టాల గోడకి ఎదురుగా కీబోర్డు పెట్టుకుని వాయించాను.

మీరు బాగా పనిచేస్తే చర్చి నిలబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను బాగానే పనిచేశాను. చరణానికీ చరణానికీ మధ్య ఆయన చెప్పినంతసేపూ ఆగేదాన్ని. అద్దంలో చూస్తే ఊపిరి తీసుకోవడానికి అక్కడ మనుషులుండేవాళ్ళు కాదు. ఏటా చెవులు పరీక్ష చేయించుకుని కాగితం పాస్టర్‌కి ఇచ్చేదాన్ని. ఎందుకో ఆవిడకి అర్థమయ్యేది, తీసుకుని సొరుగులో పడేసేది.

క్రిస్మస్‌కి ఒకసారి, ఈస్టర్ అయ్యాక ఒకసారి సార్ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆయన హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నారు, ముసలితనం అన్నారు. అది మాటలు వినడానికి పనికొచ్చేది, సన్నటి స్వరాలకి కాదు. గిటార్లని తిట్టేవారు. ఆ ఆఖరి ఈస్టర్ గురించి ప్రతిసారీ చెప్పేవారు, అందరూ ఎలా లేచి నిల్చున్నారో. నేను తల ఊపేదాన్ని. "నువ్వు చూసి ఉండాల్సింది విమలా" అనేవారు.

గొట్టం

2015లో సంఘాన్ని పక్క ఊరి సంఘంలో కలిపేసి భవనం అమ్మేశారు. ఆర్గాన్‌ని ఎవరూ కొనలేదు. విప్పేసి, కావలసినవాళ్ళు తలా ఒక గొట్టం గుర్తుగా తీసుకోవచ్చన్నారు. ఒకాయన పెద్దది ఒకటి తీసుకున్నాడు, తోటలో దీపస్తంభం చేస్తాడట. నేను కుడిపక్క పై వరసలోంచి పెన్సిలంతది ఒకటి రుమాల్లో చుట్టుకుని, ఎడ్విన్ గారికి ఇద్దామని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను.

మధ్యాహ్నం. ఇద్దరుండే గది. పక్క మంచం మీద ఒక ముసలాయన పేపర్ చదువుకుంటున్నాడు. సార్ గొట్టం చేతిలో తిప్పి చూసి, ఏ వరసలోదో వెంటనే చెప్పారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదాలకి ఆనించుకుని ఊదారు. ఈల గదిని చీల్చింది.

"పలికిందా?" అన్నారు.

పదకొండేళ్ళ అలవాటు. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. "లేదు సార్. దుమ్ము పట్టినట్టుంది."

ఆయన జాగ్రత్తగా తుడిచారు. మళ్ళీ ఊదారు, ఈసారి గట్టిగా. పక్క మంచం ముసలాయన పేపర్ కింద పడేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

సార్ ఆయన్ని చూశారు. చాలాసేపు చూశారు. ఆ ముసలాయన చేతులు దించాక నా వైపు తిరిగారు.

"ఎప్పటినుంచి?"

"పదకొండేళ్ళు సార్."

"నేను నిన్ను అడిగాను. ఆ క్రిస్మస్‌కి."

"అడిగారు సార్."

"ఒక్క మాట చెప్పి ఉంటే నేనే లేచి నిన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టేవాణ్ణి. నీ పక్కన నిలబడి పేజీలు తిప్పేవాణ్ణి" అన్నారు. కోపంగా అనలేదు. "మరి ఆ ఈస్టర్‌కి, అద్దంలో నిలబడ్డవాళ్ళు?" అన్నారు.

ఇక్కడైనా ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. నాకు అబద్ధాలు కొత్త కాదు. కాని ఇంక ఈయనతో అబద్ధం ఆడకూడదని ఆ క్షణంలో అనిపించింది.

"వెళ్ళిపోతున్నారు సార్."

ఆయన గొట్టం నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండోసారి వెళితే చూడటానికి ఒప్పుకోలేదు. ఆ చలికాలంలోనే పోయారు.

అమ్మాయిలూ, ఏం ప్రిపేర్ అవ్వాలని కదా అడిగారు. నేను ఆయనకి నిజం చెప్పడం ఒక్కసారే నేర్చుకున్నాను. అప్పటికి అది ఆయన దగ్గర మిగిలిన ఒక్క ఈస్టర్‌ని లాక్కోవడానికే పనికొచ్చింది.